ప్రతీకారానికి ఉదాహరణ

సోమవారం, 3

దువ్వెన ఈ రోజు నా బల్ల మీద ‘ప్రతీకారం’ పడేసి వెళ్ళాడు. ఒక్కదాన్నే కాదు, చుట్టపక్కాలతో సహా: పగ, కక్ష, కసి. అర్థం, వాడుక, ఉదాహరణ వాక్యాలు అన్నీ పన్నెండో తేదీకల్లా కావాలట. కమిటీ పెద్దలకు నిఘంటువు నమూనా పేజీలు పంపుతున్నారట.

“ఇది మీ చేతిలో అయితే బాగా పండుతుంది మేడమ్” అన్నాడు. అని, జేబులోంచి దువ్వెన తీసి, ఉన్న నాలుగు వెంట్రుకల్నీ కుడి నుంచి ఎడమకు తరలించాడు.

పదకొండేళ్ళ కిందట ఈ కార్యాలయంలో అడుగుపెట్టినప్పుడు ఈ మహానుభావుడికి చీటీ ఏ మూల నుంచి మొదలుపెట్టాలో తెలియదు. ఎడమ పైమూల మాట, దాని కింద అర్థం, ఆ కింద ఉదాహరణలు, కుడి కిందిమూల ముఖ్య సంపాదకుడి సంతకం. ఆ సంతకం పడ్డాక చీటీలో అక్షరం కూడా మార్చకూడదు. ఇవన్నీ నేర్పింది నేను. ఇప్పుడా కుడి కిందిమూల ఆయనది. పోయినేడు కుర్చీ ఖాళీ అయినప్పుడు కమిటీ వాళ్ళు నా ఇరవై ఏడేళ్ళ అనుభవం చూసి “అబ్బో” అన్నారు. అని, కుర్చీ దువ్వెనకిచ్చారు.

నాకేం కోపం లేదు. ఎవరి అదృష్టం వాళ్ళది. ఊరికే రాసుకుంటున్నాను.

మంగళవారం, 4

పోయిన నెల ఇచ్చిన చీటీలు తిరిగొచ్చాయి. ‘ఓర్పు’ కింద నేను రాసిన ఆరు వాక్యాలకూ ఎర్ర పెన్సిలు గీతలు. పక్కన “వంటింటి వాక్యాలు, మార్చండి” అని. వాటి బదులు ఆయన స్వహస్తాలతో రాసిన ఉదాహరణ: “ఓర్పు మనిషికి చాలా అవసరం.” ఇంత గొప్ప వాక్యం కనడానికి ఎన్ని నొప్పులు పడ్డాడో పాపం.

ఎదురు బల్ల అమ్మాయికి చూపించాను. అమ్మాయి అంటున్నాను గానీ నలభై దాటింది. మేం రాసిన చీటీలన్నీ టైపు చేసేది తనే. తొమ్మిదేళ్ళుగా మా రెండు బల్లలూ అంచులు ఆనించుకుని ఉన్నాయి. మధ్యాహ్నం డబ్బాలు రెండూ ఆ అంచు మీదే విప్పుకుంటాం.

“పోనీలెండక్కా, అరిగేది ఆయన పెన్సిలేగా” అంది.

తొమ్మిదేళ్ళుగా తాత్కాలికం. ఈ నెలాఖరుకు పర్మనెంటు ఆర్డరు రావాలి. కమిటీ ఒప్పుకుంది, దువ్వెన సంతకం ఒక్కటే తరువాయి. ఆమె భర్త నిచ్చెన మీంచి పడి, నడుం విరిగి, రెండేళ్ళుగా మంచంలో ఉన్నాడు. ఆర్డరొస్తే ఆపరేషను ఆఫీసే చేయిస్తుంది. రోజూ పొద్దున్న రాగానే క్యాలెండరు వైపు ఒక చూపు చూసి కూర్చుంటుంది. నేను చూడనట్టు ఉంటాను.

బుధవారం, 5

వాడుక పట్టుకోవడానికి బయల్దేరాను. బస్సులో, దర్జీ దుకాణంలో, బ్యాంకు వరసలో చెవులు రిక్కించుకుని నిలబడ్డాను. ‘ప్రతీకారం’ ఒక్క నోట్లోంచీ రాలేదు. అది పేపర్లలోనూ సినిమా పోస్టర్ల మీదా బతికే మాట. జనం దగ్గర దాని చాకిరీ వేరే మాటలు చేస్తున్నాయి. “వాడి సంగతి చూస్తా.” “నా పూట నాకూ వస్తుంది.” “ఊరుకుంటానా, తిక్క కుదిర్చాను.” “ఇంతకింతా అనుభవించకపోతే అప్పుడడుగు.” నాలుగూ చీటీలకెక్కాయి.

ఇంకో సంగతి గమనించాను. ‘పగ’ ఎప్పుడూ అవతలివాడికే ఉంటుంది. “నేను పగబట్టాను” అనే మనిషి ఈ లోకంలో లేడు. అదే పని అవతలివాడు చేస్తే కక్ష సాధింపు, తాను చేస్తే బుద్ధి చెప్పడం. దర్జీ ఉన్నాడు కదా, తన బోర్డుకు అడ్డంగా ఎదుటి కొట్టువాడు బోర్డు పెట్టాడని, దాని మీద రోజూ పొద్దున్నే ఒక చెంబుడు నీళ్ళు కొడుతున్నాడు. రేకు తుప్పు పట్టాలట.

“పగా? నాకెందుకమ్మా పగ! వాడికి కాస్త బుద్ధి రావాలని” అన్నాడు నా జాకెట్టు కొలతలు రాసుకుంటూ.

మనుషులు తమకు తాము ఎంత నున్నగా అబద్ధం చెప్పుకుంటారో! నాకు నవ్వొచ్చింది.

పాత గ్రంథాల్లో ‘ప్రతీకారం’ అంటే చికిత్స, విరుగుడు అన్న అర్థం కూడా ఉంది. ఇప్పుడెవరూ వాడటం లేదు. కొట్టేశాను.

గురువారం, 6

మెట్ల మీద దువ్వెన నమస్కారం పెట్టాడు. నా చేతుల్లో సంచి ఉంది.

శుక్రవారం, 7

మేడ మీది ఆవిడ దుప్పట్లు దులిపితే ఆ దుమ్మంతా మా ఆరేసిన బట్టల మీద పడుతోందని మా ఆయన కొత్త పని కనిపెట్టాడు. సరిగ్గా ఆవిడ కునుకు తీసే వేళకు మా గోడకు మేకులు కొడుతున్నాడు.

“మీరు పగ తీర్చుకుంటున్నారు” అన్నాను.

“పగేంటే నీ మొహం! గోడన్నాక మేకులుండవా?”

ఇప్పటికి పదకొండు మేకులయ్యాయి. తగిలించడానికి ఇంట్లో ఒక్క పటం లేదు. ఉద్యోగం మానేసిన మగవాడికి శత్రువు ఒకడుండటం ఆరోగ్యం. నాకు ఆ అవసరం లేదు, నాకు పని ఉంది.

సోమవారం, 10

ఈ రోజు సమావేశం. గదిలో ఉన్నదే ఐదుగురం, దానికి సమావేశమని పేరు. దువ్వెన నా చిత్తుప్రతి పైకెత్తి, గొంతు సవరించుకుని చదివాడు. “అత్త అన్న మాటకు కోడలు కూర మీద కసి తీర్చుకుంది.” చదివి ఆగాడు, నవ్వడానికి అందరికీ వీలుగా.

“మేడమ్ గారి దృష్టిలో ప్రతీకారమంటే కూరలో ఉప్పు ఎక్కువ వెయ్యడమన్నమాట” అన్నాడు.

సహాయకులిద్దరూ నవ్వారు. ఒకడు నేను సిఫారసు చేస్తే వచ్చినవాడు. వాడే ఎక్కువ నవ్వాడు. ఎదురు బల్ల అమ్మాయి తలెత్తలేదు, టైపు కొడుతూనే ఉంది.

“వాక్యానికి ఒక స్థాయి ఉండాలి మేడమ్. ఇరవై ఏడేళ్ళయింది, ఇంకా నేను చెప్పాలా?”

బాగానే ఉన్నాను. ఇంటికొచ్చి అన్నం తిన్నాను. బాగానే ఉన్నాను.

మంగళవారం, 11

కొత్త చీటీలు రాశాను. ఆయన కోరిన స్థాయిలోనే రాశాను. “ప్రతీకారం మంచిది కాదు.” “ప్రతీకారం వల్ల నష్టమే గాని లాభం లేదు.” గోడల మీద నీతివాక్యాలు రాసేవాడు కూడా సిగ్గుపడతాడు. చివరి ఉదాహరణకూ సంతకం చోటుకూ మధ్య మూడు గీతల ఖాళీ వదిలాను. ఎప్పుడూ వదలను. కాగితం దుబారా నాకు గిట్టదు.

ఇది పగ కాదు. పెద్దదాన్నయినందుకు నేర్పాల్సిన బాధ్యత నాది.

బుధవారం, 12

పొద్దున్న పదకొండింటికి సంతకాలయ్యాయి. “చూశారా, ఇప్పుడెంత హుందాగా ఉన్నాయో” అన్నాడు. చూశానన్నాను. బల్ల దగ్గరకొచ్చి, ఆ మూడు గీతల్లో రాశాను:

“నెత్తిన మిగిలిన నాలుగు వెంట్రుకల్నీ రోజుకు పదిసార్లు దువ్వి, రాలిపోయినవాటి మీద ప్రతీకారం తీర్చుకుంటున్నాడు.”

బాగుంది. నేను చెప్పుకోకూడదు గానీ, ఈ ఇరవై ఏడేళ్ళలో రాసినవాటిలో ఇదే బాగుంది.

ఎదురు బల్ల అమ్మాయి టైపు చేస్తూ చేస్తూ అక్కడ ఆగింది. చీటీ ఒకసారి, నా మొహం ఒకసారి చూసింది.

“అక్కా, ఇది ఆయన చూశారా?”

“సంతకం కనపడటం లేదూ?” అన్నాను.

ఇంకేం అడగలేదు. ఉన్నదున్నట్టు టైపు చేసింది.

గురువారం, 13

చాన్నాళ్ళకు కంటి నిండా నిద్ర.

శుక్రవారం, 14

నమూనా పేజీలు కమిటీకి వెళ్ళాయి. దువ్వెన ఇంకోసారి చదవనైనా చదవలేదు. తన సంతకం మీద అంత నమ్మకం. టైపయిన చీటీలు ‘ప’ డ్రాయర్లో ఉంటాయి, తాళం ఎదురు బల్ల అమ్మాయిది. ఆమె తాళం వెయ్యకుండా మంచినీళ్ళకు వెళ్ళినప్పుడు నా చీటీ ఒక్కటి తీసేసుకున్నాను. నా చేతిరాత అందరికీ తెలిసిందే కదా. నాలుగు ముక్కలు చేసి, సంచిలో వేసుకుని, ఇంటికి తెచ్చి పొయ్యిలో పెట్టాను. అంతే. ఇక ఎవరు రాశారో ఎవరికీ తెలియదు. ఎవరూ రాయలేదు.

మంగళవారం, 18

కమిటీ వాళ్ళు కూర్చున్న గది తలుపు ఓరగా ఉంది. అందులో పెద్దాయన గట్టిగా చదివాడు. తరవాత గదంతా ఒక్కసారి గొల్లుమంది. దువ్వెన చెయ్యి అలవాటుగా జేబులోకి వెళ్ళి, సగం దారిలో ఆగిపోయిందట. మళ్ళీ నవ్వారట. బయటికొచ్చేసరికి చెవులు ఎర్రగా ఉన్నాయి. ఆ చెవులు చూస్తే చాలు, ఇరవై ఏడేళ్ళూ గిట్టుబాటయినట్టనిపించింది.

సరైన వాక్యం అంటే అదీ. చదవగానే మనిషి కళ్ళకు కట్టాలి.

బుధవారం, 19

చీటీ దొరకలేదు.

గురువారం, 20

నిన్న అంతకుమించి రాయలేకపోయాను, తలనొప్పి. జరిగింది ఇదీ. దువ్వెన ‘ప’ డ్రాయరు మొత్తం బల్ల మీద బోర్లించాడు. ఆ ఒక్క చీటీ తప్ప అన్నీ ఉన్నాయి. నా వైపు తిరిగాడు.

“మేడమ్, ఈ వాక్యం మీదా?”

“మీరు సంతకం పెట్టినప్పుడు నా చీటీలో ఏ వాక్యాలున్నాయో మీరే చూశారుగా. అంతకుమించి నాకు తెలియదు” అన్నాను.

అబద్ధమేం కాదు. సంతకం పెట్టినప్పుడు అవే ఉన్నాయి.

అప్పుడు ఎదురు బల్ల వైపు తిరిగాడు. డ్రాయరు తాళం నీది, టైపు చేసింది నువ్వు, చీటీ లేదు, అంటే వాక్యం నీ సొంతమేగా అన్నాడు. ఆమె నిలబడింది. “చీటీలో ఉన్నదే కొట్టాను సార్. సంతకం కూడా ఉంది” అంది. ఎవరి చీటీ అన్నది చెప్పలేదు. నా వైపు చూడనూలేదు.

నెలాఖరులోగా రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలట. తృప్తికరంగా లేకపోతే ఆర్డరు లేదు సరికదా, ఒకటో తేదీ నుంచి రానక్కర్లేదట.

ఇదంతా ఉత్తుత్తి కోపం. రెండ్రోజుల్లో చల్లారుతుంది. తిన్నదరిగేదాకా అరిచే రకం.

శుక్రవారం, 21

చల్లారలేదు. సోమవారానికి చల్లారుతుంది.

నిజానికి తనైనా ఇంకాస్త గట్టిగా అడగాల్సింది. “ఆయన చూశారా” అని నన్నడిగేబదులు సార్‌నే అడగొచ్చుగా. తొమ్మిదేళ్ళు ఒక కార్యాలయంలో పనిచేసిన మనిషికి ఆ మాత్రం తెలియొద్దూ?

మధ్యాహ్నం డబ్బాలు విప్పుకున్నాం. భర్త ఆపరేషను తారీకు అడిగాను. “చూడాలక్కా” అంది. తన డబ్బాలోది ఎప్పట్లాగే నా మూతలో కాస్త పెట్టింది. నేనూ పెట్టాను.

సోమవారం, 24

నాకు ఇంకా పద్నాలుగు నెలల ఉద్యోగం. ఇప్పుడు నోరు విప్పితే “ముసల్ది ఎంత పని చేసింది” అంటారు. ఇరవై ఏడేళ్ళ మర్యాద ఒక్క పూటలో పోతుంది. ఆమెకింకా వయసుంది, టైపు వచ్చు, ఎక్కడైనా దొరుకుతుంది.

దొరకదు. తెలుసు.

మంగళవారం, 25

మా ఆయన అడిగాడు, “ఏంటే, అన్నం ముందు కూర్చుని గోడకేసి చూస్తావు?” అని.

“మేకులు లెక్కపెడుతున్నాను” అన్నాను. పద్దెనిమిది.

బుధవారం, 26

సంజాయిషీ రాసుకొచ్చింది. ఒక పేజీ, తనే టైపు చేసుకుంది. బల్లల మీదుగా నా ముందుకు జరిపింది.

“తప్పులుంటే దిద్దండక్కా. నాకు రాయడం అంత రాదు.”

చదివాను. “నాకిచ్చిన చీటీలో ఉన్నదున్నట్టు టైపు చేశాను. చీటీ ఏమైందో నాకు తెలియదు. తొమ్మిదేళ్ళలో ఒక్క అక్షరం సొంతంగా కలపలేదు. నా భర్త ఆరోగ్యం దృష్ట్యా దయ చూపగలరు.” ఎవరిచ్చారన్నది ఎక్కడా లేదు. పేజీ అంతా వెతికాను, లేదు.

ఎర్ర పెన్సిలు తీసుకుని రెండు చోట్ల కామా పెట్టాను. ‘దయ చూపగలరు’ బదులు ‘దయచేసి పరిశీలించగలరు’ అంటే మర్యాదగా ఉంటుందన్నాను. థాంక్స్ చెప్పి, మళ్ళీ టైపు చేసుకుంది.

కామాలు పెట్టాను. ఆమె బతుకు నా చేతిలో పెడితే కామాలు పెట్టి తిరిగిచ్చాను. దర్జీని చూసి నవ్వాను నేను. వాడు పాడుచేసింది ఉత్త రేకు.

గురువారం, 27

పొద్దున్నే దువ్వెన గదికి వెళ్ళాను. రాసుకెళ్ళిన కాగితం ముందు పెట్టాను. మూడుసార్లు చింపి రాసింది. మొదటిదాంట్లో ‘పొరపాటున’ అని ఉంది, రెండోదాంట్లో ‘సరదాకి’ అని. మూడోదాంట్లో “మీ మీద పగతో, సంతకమయ్యాక వాక్యం కలిపింది నేను. చీటీ దొంగిలించి కాల్చింది నేను” అని రాసి, కింద రాజీనామా కూడా రాశాను.

ఆయన నెమ్మదిగా చదివాడు. ఆశ్చర్యపోలేదు.

“నాకు పద్దెనిమిదో తారీకునే తెలుసు మేడమ్” అన్నాడు. “మీ వాక్యాన్ని నేను గుర్తుపట్టలేనా? వాక్యం రాయడం నేర్పింది మీరేగా.”

“మరి ఆమెనెందుకు...”

“మీరెప్పుడు వస్తారో చూద్దామని. మర్నాడే వస్తారనుకున్నాను.” వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. నా కళ్ళెదురుగా, ఒక్కొక్కటీ. “ఎనిమిది రోజులు.”

“మీరు మనిషేనా?” అన్నాను. “మంచంలో ఉన్న మనిషిని కూడా చూడకుండా, నా మీది కసి ఆమె మీద...”

“అదే మాట నేనూ అనొచ్చు” అన్నాడు.

ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన నోటి నుంచి ఒక మంచి వాక్యం వచ్చింది, అదీ నా మీద.

సొరుగులోంచి ఆమె ఆర్డరు తీశాడు. ఎప్పుడో టైపయి ఉంది. నా ముందే సంతకం పెట్టాడు. నా కాగితం మాత్రం మడిచి అదే సొరుగులో పెట్టి తాళం వేశాడు. రాజీనామా సంగతి అడిగాను.

“ఎందుకు మేడమ్? పనికొచ్చే మనిషిని ఎవరైనా వదులుకుంటారా? వెళ్ళి మీ చోట్లో కూర్చోండి. పద్నాలుగు నెలలేగా.”

శుక్రవారం, 28

ఆమెకు చెప్పాను. రాత్రంతా పేర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. “నేనే” అన్నాను.

“తెలుసక్కా.”

“తిట్టు. ఏదో ఒకటి అను.”

టైపు చేస్తున్న కాగితం ఊడదీసి, పక్కన పెట్టి, అప్పుడు మాట్లాడింది. గొంతు పెంచలేదు.

“ఆయన మీద నాకేం లేదు. ఆయనకు నేనెవరు? తొమ్మిదేళ్ళలో మా ఆయన పేరు కూడా అడగలేదు. మీకు అన్నీ తెలుసు. ఆస్పత్రికి నాతోపాటు మీరే వచ్చారు. మీరు చెప్తారని రోజూ చూశాను. పొద్దున్న చెప్తారేమో, అన్నాల వేళ చెప్తారేమో, పోనీ సాయంత్రమైనా చెప్తారేమో అని. ఎనిమిది రోజులు నా ఎదురుగానే కూర్చుని తిన్నారు కదా.”

క్షమించమన్నాను. “ఇప్పుడెందుకులెండి” అని మళ్ళీ కాగితం ఎక్కించింది. మధ్యాహ్నం తన డబ్బా తీసుకుని మెట్ల మీద కూర్చుని తింది. నేను నా డబ్బా విప్పలేదు.

సాయంత్రం వెళ్ళి దువ్వెనను బతిమాలాను. అవును, బతిమాలాను. నా బల్ల మార్పించండి, నడవాలో వేసినా సరే అన్నాను. కిటికీలోంచి మా రెండు బల్లలకేసి చూశాడు.

“గది ఉన్నదే ఇంత. ఇంకో చోటెక్కడుంది మేడమ్?” అన్నాడు.

సోమవారం, 1

ఆమె పర్మనెంటు. ఆపరేషను పదో తారీకున. సహాయకులు చెప్పుకుంటుంటే విన్నాను.

‘ప్రతీక్ష’, ‘ప్రతీతి’ చీటీలు రాసి ట్రేలో పెట్టబోతే, “ఆగండి” అంది. కొత్త నోటుపుస్తకం ఒకటి బల్ల మీద పెట్టింది. గీతలు కొట్టి, వరస నంబర్లు వేసి తయారుగా ఉంచింది. ఇకమీదట నేనిచ్చే ప్రతి చీటీకీ, ఉన్న వాక్యాలెన్నో రాసి, నేనిచ్చినట్టు నా చేత సంతకం పెట్టించుకుంటుందట. “ఆయన పెట్టిన నియమమా?” అన్నాను.

“కాదు, నేనే అడిగాను” అంది.

మిగతా ఇద్దరికీ ఈ పుస్తకం లేదు. ఈ రోజు ఏడు చీటీలు ఇచ్చాను. ఏడుసార్లూ పుస్తకం నా వైపు తిప్పి, కలం మూత తీసి అందించింది. వాక్యాలు వేలితో లెక్కపెట్టుకుని, చివరి వాక్యం కింద మిగిలిన ఖాళీకి అడ్డంగా గీత కొట్టి, అప్పుడు టైపు మొదలుపెట్టింది.